ఇరవైమూడో నెల బిడ్డ

గవ్వలదిన్నె మున్సిపాలిటీ తన ఫైళ్ల పేర్లలో తేదీకి ముందు నెలను పెట్టుకున్న మధ్యాహ్నం నుంచి, ఆ ఊళ్లో పన్నెండో తేదీ దాటి పుట్టినవాళ్లెవరూ ఇంకా పుట్టలేదు. ఇందులో వింత ఏమీ లేదు. అక్టోబరు ఇరవై ఐదున పుట్టిన మనిషి ఫైలును కొత్త పద్ధతిలో చదివితే ఇరవై ఐదో నెల పదో తేదీ అవుతుంది. ఆ నెల ఇంకా రాలేదు కనుక ఆ మనిషీ రాలేదు. ఊరు ఒక పూట గొణిగి, సాయంత్రానికి సర్దుకుంది.

ఈ ఘనకార్యం చేసిన చేతులు రికార్డు సెక్షన్ సీనియర్ అసిస్టెంట్ పెంచలయ్యవి. బుర్ర మాత్రం కమిషనర్ విభూషణరావుగారిది. ఆయన శిక్షణ కోసమని విదేశం వెళ్లి వచ్చారు. అక్కడ ఏం నేర్చుకున్నారో దేవుడికి తెలియాలి గానీ, వచ్చిన దగ్గర్నుంచీ సంతకం కింద నెల ముందు, తేదీ తర్వాత వేయడం మొదలుపెట్టారు. అయ్యగారు అలా వేస్తుంటే ఆఫీసు ఇంకోలా వేస్తే ఏం మర్యాద? ఊళ్లో ఒక్కొక్కరి పుట్టిన తేదీతో ఉండే ఫైళ్ల పేర్లన్నిటినీ ఒక్క దెబ్బకు మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి రికార్డు సెక్షన్‌లో ఉంది. తేదీ ముందుండాలో నెల ముందుండాలో అందులో మనకు కావలసినట్టు అమర్చుకోవచ్చు. పెంచలయ్య ఇక నుంచి మొదటి అంకే నెల అని దానికి చెప్పాడు.

ఆ ఆఫీసులో కొత్త పని ఏది మొదలుపెట్టినా ముందు అయ్యగారి ఫైలు మీద చేసి చూపించడం ఆనవాయితీ. కొత్త స్టాంపు వచ్చినా తొలి ముద్ర ఆయన కాగితం మీదే పడాలి. సాఫ్ట్‌వేర్ కూడా బుద్ధిమంతురాలే. మార్చక ముందు పేరు ఎలా ఉందో, మార్చాక ఎలా ఉంటుందో పక్కపక్కన చూపిస్తుంది. విభూషణరావుగారు పుట్టింది జూన్ ఆరున. ఆరు, ఆరు. ఎటు తిప్పినా అంతే. సెక్షన్ మొత్తం ఆ రెండు పేర్ల మీదికి వంగి చూసి, ఆహా, ఇసుమంత తేడా లేదని తలలూపింది. అయితే అందరికీ వర్తింపజేయండి అన్నారు అయ్యగారు. మరో ఫైలు ఒకటి చూద్దామని ఒక్కరూ అనలేదు. అలా అంటే అయ్యగారి ఫైలు చాలదన్నట్టు అవుతుంది మరి.

పెద్దవాళ్లలో చాలామందికి ఏమీ కాలేదు. వాళ్లను బడిలో వేసినప్పుడు పంతుళ్లు నోటికొచ్చినట్టు జూలై ఒకటి అని రాసేశారు. ఊళ్లో సగం మంది తాతలు ఒకే రోజు పుట్టినవాళ్లు. అబద్ధపు తేదీల వాళ్లంతా హాయిగా జనవరి ఏడుకు జరిగి బతికిపోయారు. పెంచలయ్యా అలా బతికిపోయినవాడే. ఆసుపత్రిలో పుట్టి, నిజం తేదీ రాయించుకున్నవాళ్లే దొరికిపోయారు.

పెంచలయ్య కూతురు కోమలి పుట్టింది ఆగస్టు ఇరవైమూడున. నాలుగో తరగతి చదువుతోంది. ఆ వారంలోనే బడినుంచి పుస్తకాల సంచీతో తిరిగొచ్చింది. హెడ్మిస్ట్రెస్ మంచి మనిషి, కసరలేదు, పాపను ఇరవైమూడో నెలలో పుట్టగానే తీసుకురమ్మని, అప్పటిదాకా సీటు అట్టిపెడతానని కబురు చేసింది. పెంచలయ్యకు గుండె కలుక్కుమన్న మాట నిజం. అయినా ఆఫీసు మనిషి కదా, కబురు తెచ్చిన ఆయాకు థాంక్స్ చెప్పి పంపాడు.

తర్వాత కోమలికి జ్వరం వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుగారు నాడి పట్టుకోబోయి ఫైలు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పుట్టనివాళ్లకు విడిగా వైద్యం ఉండదట. తల్లితో పాటే చూస్తారట.

"తల్లిని తీసుకురండి, గర్భిణుల వార్డులో రాసిస్తా," అన్నారాయన.

కోమలి తల్లి కామాక్షి చనిపోయి మూడేళ్లయింది. ఫిబ్రవరి తొమ్మిదిన పోయింది. కొత్త పద్ధతిలో అది సెప్టెంబరు రెండు. ఆ ఇంట్లో ఇన్ని తేదీలుంటే, చావు ఒక్కటే సాఫ్ట్‌వేర్‌లో చక్కగా ఇమిడింది.

పిల్లను భుజాన వేసుకుని ఇంటికొచ్చి, తడిగుడ్డ నుదుటి మీద వేసి, పెంచలయ్య తిన్నగా కమిషనర్ గదికి వెళ్లాడు. అక్కడ పండగలా ఉంది. ఊరి జనాభా సగానికి పైగా తగ్గడంతో కుళాయి నీళ్లు రోజూ వస్తున్నాయి, చెత్త తగ్గింది, క్యూలు లేవు. పై నుంచి ఉత్తమ మున్సిపాలిటీ అని ఒక జ్ఞాపిక కూడా వచ్చింది. విభూషణరావుగారు దాన్ని బల్ల మీద ఎటు పెడితే బాగుంటుందో చూసుకుంటున్నారు.

"సార్, మా పాప తేదీ తప్పు పడిందండీ. పాత పద్ధతికి తిప్పితే..."

"నా ఫైలు మీద చూశావుగా పెంచలయ్యా. అప్పుడు తప్పు కనపడిందా?"

"లేదండీ."

"మరి ఇప్పుడెట్టా వచ్చింది?"

అందరికీ వర్తించే బటన్ నొక్కిన వేలు పెంచలయ్యదేనని అయ్యగారు గుర్తు చేయలేదు, పెంచలయ్యా మర్చిపోలేదు. తిప్పడానికి కౌన్సిల్ తీర్మానం కావాలన్నారు కమిషనర్‌గారు. కౌన్సిల్ సమావేశమైంది కూడా. కానీ సభ్యుల్లో ఎక్కువమంది ఇంకా పుట్టలేదు కనుక కోరం చాలలేదు. పుట్టని సభ్యులు గుమ్మం బయట బెంచీల మీద కూర్చుని టీ తాగి, సమావేశం బాగా జరిగిందని చెప్పుకుంటూ వెళ్లిపోయారు. సిగ్గూ ఎగ్గూ ఉన్నవాళ్లయితే తలుపు తోసుకుని లోపలికి వచ్చి ఉండేవాళ్లే.

జననాల సెక్షన్‌లో ఇందుమతి అనే ఆవిడ పనిచేస్తుంది. పెంచలయ్య బాధ చూడలేక ఆమే ఉపాయం చెప్పింది. పాత పుట్టుకను సరిచేయించాలని ఎందుకు కొట్టుమిట్టాడటం, పాపను కొత్తగా పుట్టించుకుంటే పోలా అంది. నెల ఇంకా అయిదో తేదీనే కాబట్టి త్వరపడమంది. పన్నెండు దాటితే మళ్లీ వచ్చే నెల దాకా ఊళ్లో కాన్పులు కూడా లేవు.

ఇద్దరూ కూర్చుని వివరాలు నింపారు. తండ్రి పేరు దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. తల్లి పేరు దగ్గర కామాక్షి అని కొట్టగానే కంప్యూటర్ అడ్డం తిరిగింది. మూడేళ్ల కిందట పోయిన మనిషి ఇవాళ బిడ్డను కనడం కుదరదంది. అంత బండగా ఊరు ఊరినే పుట్టకుండా చేసిన యంత్రానికి ఇక్కడ మాత్రం లోకజ్ఞానం ముంచుకొచ్చింది.

"తల్లి కావాలంటే పిల్ల ఉండదు. పిల్ల కావాలంటే తల్లి ఉండదు. ఏది కొట్టమంటారన్నా?" అంది ఇందుమతి.

పెంచలయ్యకు ఇంట్లో కాలిపోతున్న నుదురు గుర్తొచ్చింది. పురిటి మంచం మీద కామాక్షి చెమటతో నవ్విన నవ్వు కూడా గుర్తొచ్చింది. ఆ నవ్వు తాను చూసిందే, తప్పు పడే వీలు లేనిది. కిటికీ వైపు తిరిగి, పిల్లే కావాలన్నాడు. ఇందుమతి తల్లి పేరు గడిలో వర్తించదు అని కొట్టింది. ఆ పూటే ధ్రువపత్రం చేతికొచ్చింది, కాన్పు సుఖంగా జరిగినందుకు శుభాకాంక్షలతో.

ఆసుపత్రివాళ్లు ఈసారి పాపను ఆదరంగా చూశారు. అప్పుడే పుట్టిన బిడ్డ గనుక ఆ మోతాదులోనే చుక్కల మందు వేశారు. జ్వరం దానంతట అదే తగ్గింది. బడి సంగతి అయిదేళ్లు నిండాక చూద్దామన్నారు. కమిషనర్‌గారు మురిసిపోయి, కొత్త పద్ధతిలో మన సిబ్బంది ఇంట మొదటి కాన్పు, బారసాల ఘనంగా చెయ్యమని సెలవిచ్చారు. చెయ్యకపోతే ఎట్లా?

బారసాల నాటి ఉదయం పెంచలయ్య కూతురికి జడ వేస్తూ నచ్చజెప్పాడు.

"ఇవాళ్టి నుంచి నువ్వు పసిపాపవమ్మా. ఏడాది నిండేదాకా నలుగురిలో మాట్లాడకూడదు."

"అమ్మ గురించి కూడానా?"

"అమ్మ గురించి అసలే వద్దు తల్లీ. ఫైలు పోతుంది."

కోమలి రిబ్బను తండ్రి చేతికి అందించింది. తండ్రి మాట కాదనే పిల్ల కాదు.

అద్దెకు తెచ్చిన ఉయ్యాల చిన్నది. కోమలి అందులో ముడుచుకుని పడుకుంటే మోకాళ్ల దగ్గర్నుంచి కాళ్లు బయటికి వేలాడాయి. వీధి వీధంతా వచ్చింది. ఆడవాళ్లు పాట పాడి ఉయ్యాల ఊపారు. ఎవరో చెవిలో కోమలి అని పేరు చెప్పారు, అది ఆ పిల్లకు కొత్త అయినట్టు. విభూషణరావుగారు వంగి, బయటికి వేలాడుతున్న పాదం పట్టుకుని ఊపి, బిడ్డ బొద్దుగా ఉందన్నారు. తర్వాత పెద్దమనిషి తరహాలో, ఎవరి పోలిక అని అడిగారు.

గడ్డం మధ్యలో సొట్ట, ఎడమవైపు కొంచెం వంకరపోయే పెదవి. ఆ మొహం ఎవరిదో అక్కడున్న అందరికీ తెలుసు. వాళ్లలో సగం మంది కామాక్షి చేతి కాఫీ తాగినవాళ్లు. పక్కింటి సరస్వతమ్మ అయితే కామాక్షి పోయిన రోజు ఈ పిల్లను ఒళ్లో పెట్టుకుని, అమ్మ మొహం నీలోనే ఉందిలే అని ఓదార్చిన మనిషి. ఆవిడే అందరికంటే ముందు ఉయ్యాలలోకి తొంగి చూసి, పెంచలయ్య వైపు ఒకసారి చూసి, కమిషనర్‌గారి వైపు తిరిగింది.

"ఎవరి పోలికా లేదు సార్. పసిబిడ్డ కదా, మొహం ఇంకా తేరలేదు."

అంతేనంతే అన్నారు అందరూ.

ఉయ్యాలలో కోమలి నోరు తెరిచింది. తండ్రి చెప్పింది గుర్తొచ్చి మూసుకుంది. పెదవి ఎడమవైపుకు వంకరపోయింది. మాట్లాడకుండా చెయ్యగలిగింది ఒక్కటే మిగిలింది ఆ పిల్లకు. గొంతు చించుకుని ఏడ్చింది, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది, ఎంతకీ ఆపలేదు.

అందరి మొహాలూ విచ్చుకున్నాయి. గొంతు ఖంగుమంటోందని, బిడ్డ ఆరోగ్యంగా ఉందని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. కమిషనర్‌గారు చప్పట్లు కొట్టారు. పెంచలయ్య మిఠాయి పళ్లెం పట్టుకుని వరసలో మొదట ఆయన దగ్గరికి వెళ్లాడు.