ముప్పై ఒక్క మచ్చలు, డెబ్బై కోడిగుడ్లు

ఆ సోమవారం పొద్దున ఆకాశమంతా బూడిదరంగు మబ్బు పరుచుకుంది. కురవదు, తొలగదు. కొండకు ఆనుకుని ఊరికే నిలబడి ఉంది. వాకిట్లో మిరపకాయలు ఆరబోసిన వాళ్ళంతా పైకి చూసి మొహం చిట్లించుకున్నారు. ఒక్క మాల్సుక్ మాత్రం గడపలో నిలబడి తృప్తిగా తల ఊపింది. వారమంతా ఇంతేనని రేడియో చెప్పింది. ఆమెకు కావలసింది అదే.

మాల్సుక్‌కి యాభై ఏడేళ్ళు. అందులో ముప్పై ఐదు వెల్లుల్లి పొలంలో వంగి గడిపినవి. ఒక్కడే కొడుకు, జేగిల్. పట్నంలో ట్రాక్టర్లు బాగు చేస్తాడు. ముప్పై ఐదు నిండాక ఇన్నాళ్ళకు ఒక పిల్ల అతనికి సరేనంది. పేరు యేరిన్, సముద్రపొడ్డున పుసాన్ నగరం పిల్ల. ఇక మిగిలింది రెండు కుటుంబాలూ ఎదురెదురుగా కూర్చుని తినే భోజనం. వచ్చే వారం శనివారానికి పెట్టుకున్నారు. ఆ ఒక్క భోజనంలో మొహాలు కుదరక పెళ్ళిళ్ళు ఆగిపోయిన ఇళ్ళు ఊళ్ళోనే రెండున్నాయి. ఆ రెండిళ్ళ కొడుకులూ ఇంకా ఒంటరిగానే పొలానికి వెళ్తున్నారు.

మొన్నామధ్య జేగిల్ ఫోనులో యేరిన్ తల్లి ఫోటో చూపించాడు. నున్నటి చెంపలు. కంటి పక్కన ఒక్క గీత లేదు. మాల్సుక్ భర్త డోక్‌సామ్ రోజుకు పది మాటలు మించి ఆడని మనిషి. ఆ రోజు వాటిలో నాలుగు ఆ ఫోటో మీద ఖర్చు పెట్టాడు.

"నీ కూతురిలా ఉందే ఈవిడ."

మూడు రోజులు అతని పులుసులో ముక్క పడలేదు.

నాలుగో రోజు, అంటే ఆ సోమవారమే, మాల్సుక్ "మిరపకాయలు మర పట్టించుకొస్తా" అని చెప్పి బస్సెక్కి, పట్నంలో చర్మం డాక్టరు ముందు కూర్చుంది. ఎండ మచ్చలు ఒక ఐదు తీయించుకుందామని వెళ్ళింది. డాక్టరు చేతికి అద్దం ఇచ్చి, "ఇదిగో ఇదొకటి. దీని పక్కది. దాని చెల్లెలు. ఇక్కడ ఒక కుటుంబమే ఉంది చూడండి" అంటూ వేలు పెట్టి చూపించుకుంటూ పోయాడు. మొత్తం ముప్పై ఒకటి తేలాయి. బయటికి వచ్చేసరికి ముఖమంతా ఎర్రగా కమిలి, మచ్చ తీసిన ప్రతి చోటా ఒక గుండ్రటి ప్లాస్టరు బిళ్ళ అంటుకుని ఉంది.

"వారం దాకా బిళ్ళ ముట్టుకోవద్దు. ఎండ తగలనివ్వద్దు. గట్టిగా నవ్వొద్దు, బిళ్ళలు లేస్తాయి" అన్నాడు డాక్టరు. "మాట వినకపోతే వెనకటి కన్నా నల్లగా వస్తాయి."

వారం బిళ్ళలకు, ఐదు రోజులు ఎరుపు దిగడానికి. లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ లెక్క ఆమె ఇంటికి చేరేదాకా నిలిచింది.

"అమ్మా, యేరిన్ వాళ్ళ నాన్న ఓడలో పని కదా" అన్నాడు జేగిల్ ఫోనులో. "ఓడ ముందే బయలుదేరుతోందట. భోజనం ఈ శనివారానికి మార్చాం."

"ఈ శనివారమంటే?"

"అంటే ఈ శనివారమే. ఏం, ఇబ్బందా?"

"ఇబ్బందేముందిరా" అని ఫోను పెట్టేసి, మాల్సుక్ గోడకు చేరగిలబడింది.

కొడుక్కి చెప్పలేదు. ఊళ్ళో చెప్పడానికి అసలే వీల్లేదు. ఆమె ఊరి మహిళా సంఘం అధ్యక్షురాలు. పోయినేడు పక్కింటి పన్‌రే ఇలాగే మచ్చలు తీయించుకుని వస్తే, ఊరి హాల్లో అందరూ అన్నం తింటుండగా, "ఏమే, బంగాళాదుంపకి మొలక కళ్ళు పెకిలించినట్టు పెకిలించుకొచ్చావు! ఎండలో బతికినవాళ్ళకి ఎండ గుర్తులు సిగ్గా?" అని నవ్వించింది ఆమే. ఆ నవ్వు పన్‌రే వెనకాల ఏడాది నడిచింది.

మంగళవారం హాల్లో మధ్యాహ్న భోజనానికి డోక్‌సామ్ ఒక్కడే వెళ్ళాడు. "జలుబని చెప్పు" అని భార్య పంపింది. గుమ్మంలో జొమ్‌దాన్ అవ్వ ఎదురైంది. ఎనభై ఎనిమిదేళ్ళు. కళ్ళు సగం పోయాయి, ఆరా మాత్రం పోలేదు.

"ఏరా అబ్బీ, నీ పెళ్ళాం ఏదీ?"

డోక్‌సామ్ చెప్పులు విడుస్తూ ఆలోచించాడు. అబద్ధం అతని గొంతు దాటదు.

"ముఖం బాగాలేదు."

"ముఖానికేమైంది?"

"నావల్లే."

"నీవల్లా!"

"ఆగాల్సింది అవ్వా. ఆగలేకపోయాను" అని కూర్చుని చెంచా తీసుకున్నాడు.

హాల్లో ఇరవై చెంచాలు గాల్లో నిలిచిపోయాయి. డోక్‌సామ్ గమనించలేదు. ఆ రోజు ముల్లంగి పులుసు బాగుంది.

బుధవారం అవ్వ, పన్‌రే కలిసి వాళ్ళ గోడ దగ్గరికి వెళ్ళారు. మాల్సుక్ పూల గుడ్డ టోపీ మెడ దాకా దించుకుని, ముక్కు మీదుగా ముసుగు కట్టుకుని మిరపకాయలు తిరగేస్తోంది. గాలికి ముసుగు ఒక పక్క లేచింది.

"అమ్మో, ముఖమంతా పట్టీలే" అంది అవ్వ గుసగుసగా. "ఎర్రగా వాచిపోయిందే పిల్లా!"

పన్‌రేకి ఒక్క చూపులో తెలిసిపోయింది. అవే బిళ్ళలు తను వారం మోసింది. చెబుదామని నోరు తెరిచింది. దుంప గుర్తొచ్చింది. మూసుకుంది.

"అయ్యో పాపం" అని మాత్రం అంది, మనస్ఫూర్తిగా.

కమిలిన చోట ఉడికించిన గుడ్డు దొర్లిస్తే నీలం దిగుతుందని ఊళ్ళో పసివాళ్ళకి కూడా తెలుసు. సాయంత్రానికి మాల్సుక్ గేటు దగ్గర పది గుడ్లు. గురువారం మధ్యాహ్నానికి నలభై. ఎవరూ తలుపు తట్టలేదు, గుడ్డ కప్పి పెట్టి పోయారు. కొడుకు సంబంధం సంగతి ఊరికి పొక్కిందని, సంతోషం కొద్దీ పంపుతున్నారని మాల్సుక్ అనుకుంది. అవ్వ స్వయంగా ఒక బుట్ట తెస్తే, తలుపు తీయకుండానే లోపల్నుంచి కేక వేసింది.

"ఎందుకింత శ్రమ అవ్వా!"

"శ్రమేముంది తల్లీ. వేడి మీదే వాడుకో, చల్లారితే పని చేయదు."

"వేడి మీదే అయిపోతున్నాయి. ఆయన పూటకి ఐదు తింటున్నాడు!"

అవ్వ కర్ర టకటకలాడించుకుంటూ హాలుకి తిరిగొచ్చింది. "విన్నారా? గుడ్లు కూడా వాడే మింగుతున్నాడర్రా!"

ఆ సాయంత్రం మగవాళ్ళు హాల్లో బియ్యం కల్లుకి కూర్చున్నారు. తన గిన్నెలో తనే పోసుకోవడం ఆ ఊళ్ళో లేదు. పక్కవాడు పోయాలి. డోక్‌సామ్ గిన్నె గంటసేపు ఖాళీగా ఉంది. అతను దానిలోకి ఒకసారి, పక్కవాళ్ళ వంక ఒకసారి చూసి, లేచి ఇంటికొచ్చాడు.

"ఊళ్ళో అందరూ దిగులుగా ఉన్నారు" అన్నాడు భార్యతో. "వెల్లుల్లి ధర పడినట్టుంది."

శుక్రవారం ఊరి పెద్ద గాప్సు ఒక నిర్ణయానికి వచ్చాడు. అతను, డోక్‌సామ్ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నారు. "హాలు మైకులో మందలిస్తాను. పేరు పెట్టను. పరువుగల మనిషి" అన్నాడు. పన్‌రే అక్కడే ఉంది. చెప్పడానికి అదే ఆఖరి అవకాశమని కూడా ఆమెకు తెలుసు. వెల్లుల్లి రెబ్బలు ఒలుస్తూ ఉండిపోయింది.

శనివారం పొద్దున మబ్బు విడిపోయింది. ఆకాశం కడిగిన నీలం గిన్నెలా ఉంది. సరిగ్గా మచ్చలు తీయించుకున్న ముఖానికి పనికిరాని ఎండ. పట్నం హోటల్లో పన్నెండింటికి భోజనం. పది గంటలకు మాల్సుక్ అద్దం ముందు కూర్చుని బిళ్ళల మీద పౌడరు అద్దుతోంది. ముఖం రంగు మారింది గాని బిళ్ళలు మారలేదు. ఎక్కడిదక్కడ మెరుస్తోంది.

అదే సమయానికి ఆమె గేటు ముందు ఒక తెల్ల కారు ఆగింది. కూతురు మెట్టబోయే ఇల్లు ఓడెక్కే ముందు ఒకసారి కంటితో చూడాలని యేరిన్ తండ్రికి బుద్ధి పుట్టింది. కారులో అతను, అతని భార్య, వెనక సీట్లో యేరిన్, జేగిల్. దిగబోతుంటే స్తంభం మీద మైకు గరగరలాడింది.

"ఆ. ఆ. వినబడుతోందా? ఊరి పెద్ద గాప్సుని మాట్లాడుతున్నా. మొదటి సంగతి, వెల్లుల్లి విత్తనం సోమవారం వస్తుంది. రెండో సంగతి. ఈ ఊళ్ళో ఒకాయన కట్టుకున్నదాని మీద చెయ్యి చేసుకున్నాడు. పేరు చెప్పను. నీలం పైకప్పు ఇల్లు. గేటు పక్కన ఎర్ర ట్రాక్టరు ఉంటుంది, దానికి ఒక దీపం లేదు."

కారులో నలుగురూ పైకప్పు చూశారు. తర్వాత ట్రాక్టరు చూశారు. దీపం ఒకటే ఉంది.

"ఒరేయ్, నీకు పెళ్ళికెదిగిన కొడుకున్నాడు. సంబంధం కలుపుకునే ఆడపిల్లవాళ్ళు వింటే ఏమనుకుంటారు? వాళ్ళ చెవిన పడకూడదనే కదరా ఊరంతా నోరు కట్టుకుని కూర్చుంది!"

లోపల డోక్‌సామ్ బూట్లు తుడుచుకుంటున్నాడు. "ఎవడో దుర్మార్గుడు" అన్నాడు. కాసేపాగి, "మనలాంటి ట్రాక్టరే" అన్నాడు. ఇంకాసేపాగి బూటు కింద పెట్టేశాడు. ఖాళీ గిన్నె, గుడ్లు, తను హాల్లో అన్న మాటలు ఒక్కొక్కటే అతని ముఖం మీదికి వచ్చాయి. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ ఉండిపోయాడు.

మాల్సుక్ అతన్ని చూసింది. అద్దంలో తనను చూసుకుంది. టోపీ మేకుకే ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, వంటింటి తలుపు తీసుకుని, పొలం గట్ల మీదుగా హాలుకి పరిగెత్తింది.

"గాప్సూ, ఇలా ఇవ్వు అది!"

ఊరంతా మైకులో పెనుగులాట విన్నది. తర్వాత ఆయాసం విన్నది.

"నేను మాల్సుక్‌ని. నన్నెవరూ కొట్టలేదు. మా ఆయనకి కోడిని కొయ్యమంటేనే చేతులు వణుకుతాయి. నేనే పట్నం వెళ్ళి మచ్చలు తీయించుకున్నా. ముప్పై ఒకటి. కాబోయే వియ్యపురాలి ఫోటో చూసి భయమేసింది. ఆవిడ పక్కన కూర్చుంటే నన్ను పెళ్ళికొడుకు నాయనమ్మ అనుకుంటారని. పోయినేడు పన్‌రేని దుంపన్నాను. ఇప్పుడు నేనూ దుంపనే. పన్‌రే, వింటున్నావా?"

"వింటున్నా!" అని హాలు పక్క మిరపచేలోంచి కేక వచ్చింది. "నాకు బుధవారమే తెలుసు!"

"మరి చెప్పలేదేమే?"

"నువ్వు అడగలేదుగా!"

అదీ మైకులోనే జరిగింది.

మాల్సుక్ రోడ్డు మీదుగా ఇంటికి తిరిగొచ్చింది. తల మీద గుడ్డ లేదు, ముఖం మీద ఎండ, బిళ్ళల మీద పౌడరు. గేటు ముందు తెల్ల కారు. దాని పక్కన కొడుకు. డోక్‌సామ్ ట్రాక్టరును ఆనుకుని నిలబడి ఉన్నాడు, అది వీలైనంత మరుగయ్యేలా. అయిపోయింది, అనుకుంది మాల్సుక్. కొడుకు పెళ్ళి కాస్తా దుంపపాలైంది.

కారులోంచి ఒకావిడ దిగింది. పెద్ద నల్లకళ్ళద్దాలు, గడ్డం దాకా ముసుగు. మాల్సుక్ దగ్గరికి వచ్చి నిలబడి, కాసేపు ఆ బిళ్ళలను చూసి, నెమ్మదిగా కళ్ళద్దాలు తీసింది. రెండు కళ్ళ కిందా పండిన వంకాయ రంగు వాపు.

"కంటి కింద సంచులు కోయించుకున్నా, వదినగారూ. వారంలో దిగుతుందన్నాడు. పది రోజులైంది."

"మీకెందుకమ్మా, ఆ నున్నటి ముఖానికి?"

"నాదా నున్నటి ముఖం? మీ ఫోటో చూసే కదా నేను వెళ్ళింది!"

"నా ఫోటోనా?"

ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. జేగిల్, యేరిన్ ఒకరి చెప్పులు ఒకరు చూసుకుంటున్నారు. జేగిల్ ఫోను బయటికి తీశాడు. అందులో మాల్సుక్ ఉంది. ముప్పై ఏళ్ళ వయసు, పాలమీగడ చర్మం, ముక్కు కూడా కాస్త సన్నబడింది.

"ఎవర్రా ఈ పిల్ల?" అంది మాల్సుక్.

"నువ్వేనమ్మా. ఫోనే అలా నున్నగా చేస్తుంది. ఆపడం మర్చిపోయాం. రెండిటికీ."

యేరిన్ తండ్రి గొంతు సవరించుకుని డోక్‌సామ్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. "మా అపార్ట్‌మెంటు కాపలాదారు పది రోజులుగా నన్ను చూసి లేవడం మానేశాడు, బావగారూ."

డోక్‌సామ్ ఆలోచించాడు. "నాకు కల్లు పొయ్యడం లేదు" అన్నాడు.

సైన్యంలో ఒకే దళంలో పని చేసి వచ్చినవాళ్ళలా ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

అంత ఎండలో పట్నం వెళ్ళడానికి ఆడవాళ్ళిద్దరూ ఒప్పుకోలేదు. హోటలుకి వద్దని చెప్పి, ఇంట్లోనే బల్ల వేసి ఆరుగురూ చుట్టూ కూర్చున్నారు. అన్నం, సోయాముద్ద పులుసు, కాల్చిన చేప, కారంలో ఊరబెట్టిన ముల్లంగి కిమ్చీ, మిగతాదంతా ఊరు పంపిన డెబ్బై గుడ్లలో డోక్‌సామ్ తినగా మిగిలినవి. ఆవిరి మీద ఉడికించినవి, చుట్టలు చుట్టి కోసినవి, ఊరికే ఉడకబెట్టి గిన్నెలో గుట్టగా పోసినవి. నవ్వితే ఒకరికి బిళ్ళలు లేస్తాయి, ఒకరికి కుట్లు లాగుతాయి. తలెత్తి చూస్తే నవ్వొస్తుంది. అందుకని ఎవరూ తలెత్తలేదు. చెంచాల చప్పుడు మాత్రమే. కొంతసేపటికి యేరిన్ తల్లి ఒక గుడ్డు తీసుకుని, కంటి కింద రెండుసార్లు దొర్లించి, ఒలిచి, ఉప్పు అద్దుకుని తినేసింది. తర్వాత చేప వీపు నుంచి పెద్ద ముక్క తుంచి, ముల్లు తీసి, అల్లుడికి పెట్టినట్టు జేగిల్ అన్నం మీద పెట్టింది. జేగిల్ తల ఇంకా కిందికి వంచాడు. మాల్సుక్ చూసింది. చూడనట్టు పులుసు తాగింది.

అప్పుడే డోక్‌సామ్ వియ్యపురాలి ముఖం చూసి, భార్య ముఖం చూసి, ఏదో అనడానికి నోరు తెరిచాడు. మాల్సుక్ ఒలిచిన గుడ్డు ఒకటి అందులో పెట్టింది.

దెబ్బ తగలకముందే వాడితే గుడ్డు ఇంకా బాగా పని చేస్తుంది.