ముందంతా ఖాళీయే

వంతెన మీద బండ్లు కదలడం మానేసి చాలాసేపయింది. ఒక కారులో స్కూలు డ్రెస్సు వేసుకున్న పాప నిన్నటి హోంవర్కు ముగించి, ఇంకా ఇవ్వని రేపటి హోంవర్కు మొదలుపెట్టింది. ఇంకో కారులో ఇంటర్వ్యూకి బయల్దేరిన కుర్రాడు, ఆ ఉద్యోగం వేరొకరికి వెళ్లిపోయిందన్న కబురు సీటు బెల్టు పెట్టుకునే విన్నాడు. అదే వరసలో, వీళ్ల వెనక, నల్లకారులో నగర కమిషనరుగారు ఇరుక్కున్నారు. దాంతో అది సంక్షోభం అయింది. అంతకుముందు వరకూ అది ట్రాఫిక్ మాత్రమే.

కమిషనరుగారు ఫోను తీసి రద్దీ నివారణ విభాగం డిప్యూటీ ఇంజినీరుగారికి కలిపారు.

"ఎక్కడున్నావయ్యా?"

"వంతెన మీదే ఉన్నాను సార్."

"నేనూ వంతెన మీదే ఏడుస్తున్నాను. ఏమిటీ జామ్?"

"జామా?" డిప్యూటీగారు ముందుకు చూశారు. కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు. "నా ముందు రోడ్డంతా ఖాళీయేనండీ. ఒక్క బండి లేదు. గాలి కూడా బాగా వీస్తోంది."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఈ సంగతి రికార్డులో ఉండటం అవసరం. ఆ సమయంలో డిప్యూటీగారు వంతెన ఎత్తు ఎక్కలేక సైకిల్ దిగి, దాన్ని హ్యాండిల్ పట్టుకుని తోసుకుంటూ నడుస్తున్నారు. ఆయన ముందు నిజంగానే ఏమీ లేదు. ఆయన వెనక ఆయన సొంత కారు, డ్రైవరు చేతుల్లో, నాలుగు ఇండికేటర్లూ మిణుకుమిణుకుమంటుండగా, మొదటి గేరులో పాకుతోంది. ఆ కారు వెనక నగరం ఉంది.

ఆ రోడ్డు మీద ఒక బండి వెనక ఒక బండి పట్టేంత చోటే ఉంది. వంతెన మీద ఎవరూ ఎవర్నీ దాటకూడదని, రద్దీ తగ్గించే సదుద్దేశంతో, పోయినేడాది ఉత్తర్వు ఇచ్చింది డిప్యూటీగారే.

ఇంత గొప్ప మనిషి సైకిలెందుకు ఎక్కాడని మీరు అడగొచ్చు. రెండు కారణాలు. మొదటిది పొట్ట. రద్దీ మీద జరిగిన ఒక సమావేశంలో ఆయన గట్టిగా ఊపిరి తీసుకుని "మనం త్యాగాలకు సిద్ధపడాలి" అనగానే చొక్కా గుండీ ఒకటి సిద్ధపడి, ఎగిరి కమిషనరుగారి కప్పులో పడింది. దానికి తోడు తోడల్లుడొకడు. పొద్దున్నే పరుగులు పెట్టి నడుము తగ్గించుకున్నప్పటి నుంచి అతను ఏ ఫోటోలోనూ ఎదురుగా నిలబడటం లేదు, పక్కకే తిరుగుతున్నాడు. "మా చెల్లెలి మొగుణ్ణి చూడండి" అని ఇల్లాలు అన్నప్పుడల్లా డిప్యూటీగారు చూస్తూనే ఉన్నారు. ఒళ్లు మండుతూనే ఉంది.

రెండో కారణం కుర్చీ. విభాగం చీఫ్‌గారు ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఆ కుర్చీకి పోటీ ఇద్దరు: డిప్యూటీగారు, పక్క గదిలో ఉండే మరో డిప్యూటీ. నగరం రద్దీ తగ్గించడానికి తన కారునే ఇంట్లో వదిలేసిన అధికారి అన్న పేరొస్తే, పక్క గది మనిషికి ఇక మిగిలేది పక్క గదే.

అలా కారు ఇంట్లో ఉండిపోవాలనే నిర్ణయమైంది. అది అమలయ్యే ముందు ఇల్లాలితో చిన్న సంప్రదింపు జరిగింది.

"ఏవండీ, వెనక నుంచి ఎవడైనా గుద్దితే?"

"ఎందుకు గుద్దుతాడే?"

"మీరే కదా రోజూ చెప్తారు, ఈ ఊళ్లో ఎవడికీ బండి నడపడం రాదని. వెనకాల మన కారు రానివ్వండి. గుద్దితే దాన్నే గుద్దుతాడు."

ప్రాణం విలువ తెలిసిన మనిషి కాబట్టి డిప్యూటీగారు ఒప్పుకున్నారు. ఎలాగూ కారు వస్తోందని ఇస్త్రీ చొక్కా హ్యాంగరుకు తగిలించి వెనక సీట్లో వేలాడదీశారు. చొక్కా పక్కన తువ్వాలు, బూట్లు, కూలింగు చెడకుండా మంచినీళ్లు, మధ్యాహ్నం భోజనం క్యారియరు, సైకిల్ టైర్లకు గాలి కొట్టే పంపు చేరాయి. వీటన్నిటికీ మించి ఆఫీసు గేటు సంగతొకటుంది. అద్దానికి స్టిక్కరున్న కారు వస్తే తప్ప ఆ గేటు అడ్డకర్ర లేవదు. సైకిలుకు అద్దం లేదు, కాబట్టి స్టిక్కరు లేదు, కాబట్టి సైకిల్ మీద వచ్చినవాడు నిబంధనల ప్రకారం రానట్టే. చివరి మలుపులో కారు ముందుకెళ్లి కర్ర లేపించేది. డిప్యూటీగారు తల వంచి దాని వెనకే దూరి లోపలికి వచ్చేవారు.

దారంతా మొదటి గేరులో నడిచే కారు ఎంత డీజిలు తాగుతుందో ఎవరూ అడగలేదు, అందుకని ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజే ప్రజాదరణ కనిపించింది. వెనక నుంచి ఆగకుండా హారన్లు. ఒకాయన అద్దం దించి ఏదో అరిచాడు కూడా. డిప్యూటీగారి చెవుల్లో పాటలు మోగుతున్నాయి, మాటలు సరిగా వినబడలేదు, కానీ ఆ మొహంలో ఆవేశం చూస్తే ఆయన గుండె నిండిపోయింది. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని రెండో చెయ్యి పైకెత్తి అందరికీ అభివాదం చేశారు. హారన్లు రెట్టింపయ్యాయి. వారం తిరిగేసరికి విభాగం ఆయనకు 'హరిత పథికుడు' బిరుదిచ్చి సన్మానించింది. సన్మానానికి రావలసిన వాళ్లలో సగం మంది వంతెన మీదే ఆగిపోయారు.

అదే వారం నుంచి వంతెన మీద జామ్ మొదలైందన్న ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందని అనుమానించడానికి విభాగంలో ఎవరికీ అధికారం లేదు. కమిషనరుగారు దర్యాప్తుకు ఆదేశించి, ఆ రోడ్డు మీద రోజూ స్వయంగా, కళ్లు తెరుచుకుని, నిదానంగా ప్రయాణించే ఏకైక అధికారిని దర్యాప్తు అధికారిగా నియమించారు.

డిప్యూటీగారు నేరపరిశోధన నవలలు చదివిన మనిషి. అనుమానితుల్ని ఒక్కొక్కరినే పట్టుకున్నారు. మొదటి అనుమానం వంతెన మొదట్లో ఉన్న స్పీడ్ బ్రేకరు మీద. దాన్ని తవ్వేశారు. జామ్ తగ్గలేదు, గొయ్యి పెరిగింది. తర్వాత బస్టాపు. దాన్ని ఊరవతలికి పంపించేశారు. బస్సెక్కేవాళ్లు అంత దూరం నడవలేక అప్పు చేసి కార్లు కొనుక్కున్నారు. తర్వాత ఒక చెట్టు. అది ఏం చేసిందో దర్యాప్తులో తేలలేదు, కొట్టేశాక తేల్చాల్సిన అవసరం కూడా లేకపోయింది. రోజూ సాయంత్రం డిప్యూటీగారు నివేదికలో మాత్రం ఒకే వాక్యం రాసేవారు: "ఉదయం స్వయంగా వంతెన దాటితిని. ముందంతా ఖాళీయే."

ఇక మిగిలింది టీకొట్టు.

వంతెన దిగువన చిన్న టీకొట్టు ఉంది. దాని యజమానురాలు, జామ్ మొదలైన దగ్గర్నుంచి, ఫ్లాస్కు పట్టుకుని కార్ల మధ్య తిరుగుతూ కిటికీ కిటికీకీ టీ అమ్ముతోంది. డిప్యూటీగారి కళ్లు మెరిశాయి. నేరం వల్ల లాభపడింది ఎవరు? సైకిల్ స్టాండు వేసి నేరుగా కొట్టు దగ్గరికెళ్లారు.

"జామ్ వల్ల నీకు లాభం ఉందా, లేదా?"

"లేకేం బాబుగారూ. కదలని కార్లో మనిషి టీ తాగక ఏం చేస్తాడు?"

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"టీ అమ్మానని ఒప్పుకున్నాను. కార్లు కూడా నేనే కొన్నానా?"

"ఎదురు మాట్లాడకమ్మా. కొట్టు లేచిపోతుంది."

"లేచిపోతే ఇంక మాట్లాడేదేముంది? ఇద్దరు ఆడపిల్లల ఫీజులు ఈ గిన్నెలోనే మరగాలి." ఆవిడ గ్లాసు ముందుకు తోసింది. "తాగండి, చెమటలు పట్టేశాయి. చక్కెర వెయ్యలేదులెండి, పొట్ట తగ్గుతుందని తొక్కుతున్నారట కదా."

ఈ చివరి మాటతో ఆమె నేరం దాదాపు రుజువైపోయింది.

కమిషనరుగారు స్వయంగా ఇరుక్కున్న రోజు ఇదంతా అయిపోయాక వచ్చింది. ఆఫీసుకి చేరగానే ఆయన డిప్యూటీగారిని పిలిపించారు. "రేపు బహిరంగ విచారణ పెడుతున్నాను. జనం ముందు దోషి పేరు చెప్పాలి. పేరొస్తే చీఫ్ కుర్చీ నీది. రాకపోతే పక్క గదివాడిది. ఆ టీకొట్టే అయితే అదే చెప్పు, రేపు సాయంత్రానికి పీకించేద్దాం."

"సాక్ష్యం కూడా వస్తోంది సార్" అన్నారు డిప్యూటీగారు. పని పక్కాగా ఉండాలని ఆయన వంతెన పక్క ఎత్తయిన భవనం మీద ఒక కెమెరా పెట్టించి ఉన్నారు.

మధ్యాహ్నం వీడియో వచ్చింది. డ్రైవరు క్యారియరు తెచ్చి బల్ల మీద పెడుతుండగా డిప్యూటీగారు దాన్ని తెరిచారు. పైనుంచి చూస్తే వంతెన సగం మేర ఖాళీ. మిగతా సగం చీమ దూరే సందు లేకుండా కార్లు. ఖాళీకీ కార్లకీ సరిగ్గా మధ్యన ఎవరో ఒక లావుపాటి మనిషి సైకిల్ తోసుకుంటూ, మధ్యమధ్య ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి ఊపుతున్నాడు.

"ఎవడయ్యా ఈ తలమాసినవాడు? నగరం మొత్తాన్నీ ఆపేసి చెయ్యి ఊపుతున్నాడు. కాస్త బుద్ధుండక్కర్లా?" డిప్యూటీగారికి ఆవేశం తన్నుకొచ్చింది.

డ్రైవరు తెర వైపు చూశాడు. తర్వాత క్యారియరు వైపు చూశాడు. "సార్, వెనక కార్లో చొక్కా వేలాడుతోంది."

"అయితే?"

"నీలం గళ్ల చొక్కా సార్."

డిప్యూటీగారు తన ఒంటి మీదున్న నీలం గళ్ల చొక్కా చూసుకున్నారు. క్యారియరు పక్కకు జరిపారు. "మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మొదటి రోజు చెబుదామని హారన్ కొట్టాను సార్. ఏకాగ్రత చెడుతోంది, కొట్టొద్దన్నారు."

ఆ మధ్యాహ్నం క్యారియరు తెరవకుండానే ఇంటికెళ్లింది.

మర్నాడు డిప్యూటీగారు కారులో బయల్దేరారు, లోపల కూర్చుని. వంతెన మీద ఎక్కడా ఆగలేదు. ఎవరి బండీ ఎక్కడా ఆగలేదు. విచారణకు పిలిచిన వాళ్లంతా ముందే వచ్చేసి, ఏం చెయ్యాలో తోచక ఒకళ్ల టైమును ఒకళ్లు మెచ్చుకుంటూ కూర్చున్నారు. హాలు నిండిపోయింది. ఒక్కొక్కరూ ఒక్కొక్క కారులో రావడంతో ఆవరణ అంతకంటే నిండిపోయింది. ముందు వరసలో కాలనీల సంఘం అధ్యక్షుడి హోదాలో తోడల్లుడు, పక్కకు తిరిగి కూర్చున్నాడు. వెనక వరసలో టీకొట్టు ఆవిడ, కొంగు బిగించి కూర్చుంది.

కమిషనరుగారు లేచారు. "సోదరులారా, ఇవాళ రోడ్డు మీద జామ్ లేదు. ఎందుకు లేదు? ఇవాళ ఆ దారిలో ఏదో ఒకటి లోపించింది. లోపించిందే దోషి. విచారణకు రావాలని ఈవిడ ఇవాళ టీకొట్టు మూసింది. ఇంతకంటే రుజువేం కావాలి?"

"శభాష్" అన్నాడు తోడల్లుడు. హాలంతా తలలూపింది.

టీకొట్టు ఆవిడ లేచి నిలబడింది. "అయ్యా, ఇవాళ రోడ్డు మీద లేనిది నేనొక్కదాన్నేనా? ఇంకేదీ లేదా? అది కూడా అడిగి, అప్పుడు నా కొట్టు పీకండి."

"న్యాయమైన ప్రశ్నే" అన్నారు కమిషనరుగారు, కాస్త విసుగ్గా. "చెప్పవయ్యా డిప్యూటీ. ఆ రోడ్డు నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఇవాళ ఇంకేం రాలేదు?"

డిప్యూటీగారు లేచారు. వీడియో జేబులోని ఫోనులో ఉంది. అది ఇప్పటికి చూసింది ఇద్దరే, అందులో ఒకరికి జీతం రెండోవారే ఇస్తున్నారు. ఒకవైపు రిటైరవుతున్న చీఫ్‌గారు, ఆయన కింద ఆ మెత్తటి కుర్చీ. ఇంకోవైపు వెనక వరసలో ఆ మనిషి, రెండు చేతులూ జోడించనైనా జోడించకుండా సూటిగా ఇటే చూస్తోంది. మంచితనం ఆయనలో లేకపోలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి అది ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ఆవిడ పేరు చెప్పడానికి నోరు రాలేదు.

"నే..." అన్నారు.

తమ పేరు కానిది ఏదైనా సరే, ఒక పేరు కోసం అన్ని మొహాలూ ముందుకు వంగాయి. అంత ఆశగా తన వైపు ఎవరైనా చూడటం ఆయనకు జీవితంలో అదే మొదటిసారి. గొంతు సవరించుకున్నారు.

"నేను నిష్పక్షపాతంగా చెబుతున్నాను సార్. టీకొట్టుది తప్పేం లేదు. కార్లది అసలే లేదు, అవి పాపం వెనకాల ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఒకటుంది. మెల్లగా పోతుంది, ఎత్తు ఎక్కలేదు, ఎవర్నీ పోనివ్వదు. నిన్నటి వరకూ రోజూ వచ్చింది, ఇవాళ రాలేదు." ఆయన కళ్లు మూసుకున్నారు. "దోషి సైకిల్ సార్."

చప్పట్లు మారుమోగిపోయాయి. ఆ రోజు నుంచే వంతెన మీద సైకిళ్లను నిషేధిస్తున్నట్టు, ఎక్కడ కనబడినా స్వాధీనం చేసుకోవలసినదిగా, కమిషనరుగారు అక్కడికక్కడే ప్రకటించారు. రోజూ ఆ వంతెన మీద సైకిళ్లు తొక్కేవాళ్లలో ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. వాళ్లెవరూ సభలో లేరు, ఆ వేళకి పనుల్లోకి చేరిపోయారు. ఒక్కరు మాత్రం ఉన్నారు. కొట్టు దక్కిందన్న సంతోషంలో మొదట అందరితో పాటే చప్పట్లు కొట్టి, సగంలో ఆపేసి, పాలక్యాను కట్టి ఉన్న తన సైకిల్ కోసం టీకొట్టు ఆవిడ బయటికి పరిగెత్తింది. ఎవరూ పట్టుకోకముందే తీసుకుపోదామని. కానీ అది బయటికి రాలేదు. దానికి అడ్డంగా ఎవరో కారు పెట్టి, లోపల చప్పట్లు కొడుతున్నారు. ఒకసారి బయటికొచ్చి చూసుకోండి, మీదేనేమో.