నోరు మెదిపితే లెక్కలోకి రాదు

శనివారం పొద్దున ముబషిరా వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం అన్నాల వేళకల్లా పదిమందికి బీపీ చూడాలి, పుస్తకంలో రాసుకోవాలి, మర్నాడు ఆత్మకూరులో సుధారాణి మేడమ్‌కి చూపించాలి. ఇంట్లో ఎవరూ పదో తరగతి దాటని పిల్లల్ని చేరదీసి నర్సింగుకీ, ఫార్మసీకీ, ల్యాబు చదువులకీ సిద్ధం చేసే ఉచిత క్లాసు ఆమెది. ప్రతి ఆదివారం జరుగుతుంది. పది రీడింగులు సరిగ్గా తెచ్చినవాళ్ళనే నర్సింగ్ కాలేజీ ఇంటర్వ్యూకి తయారు చేస్తానని మేడమ్ చెప్పేసింది. ఉదయగిరి నుంచి అంతదూరం ఈ తిరుగుడు ఎందుకని తండ్రి గఫార్ అప్పటికే రెండు వారాలుగా గొణుగుతున్నాడు.

మేడమ్ ఇచ్చిన మిషన్‌తో చిక్కేమీ లేదు. పట్టా చేతికి చుట్టి మీట నొక్కితే చాలు. చిక్కంతా దానికి ముందున్న షరతుతోనే. మనిషి ఐదు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోవాలి. ముబషిరా పుట్టి పెరిగిన వీధిలో అలా కూర్చున్న మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు.

ముందు తండ్రిని కూర్చోబెట్టింది. కొయ్య గరిటెలు చెక్కే మనిషి, ఖాళీగా కూర్చోవడమే అతనికి కష్టం. రెండో నిమిషంలో ఫోన్ మోగింది. "ఆఁ, చెంచాలన్నీ రెడీగా ఉండాయి!" అని అరిచాడు. మళ్ళీ మొదటికొచ్చింది. తర్వాత నానమ్మ, దాదీ చాంద్బీ. ఆమె మూడు నిమిషాలు ఓర్చుకుని, నాలుగో నిమిషంలో "ఇంకా ఎంతసేపే?" అంది. ఇంకో రెండుసార్లు కూడా అలాగే చెడగొట్టి, "నా బీపీ నాకు తెలుసులే పో" అని లోపలికెళ్ళి ముసుగు తన్ని పడుకుంది.

పక్కింటి ఓబమ్మ గడపలో నిలబడి ఇదంతా చూసింది.

"ఏంది పాపా, పేర్లూ వయసులూ రాసుకుంటా ఉండావు?"

"రాయాల అవ్వా. మాట్లాడితే మాత్రం లెక్కలోకి రాదు. నోరు మూసుకోని కూర్చున్నోళ్ళదే రాస్తాను," అంది ముబషిరా విసుగ్గా.

ఓబమ్మ ఆ మాటను వీధంతా తిప్పింది. వీధి చివరికి చేరేసరికి అది, "ఆత్మకూరు నుంచి ఏందో లిస్టు వచ్చినాదంట. గఫారు కూతురే రాస్తా ఉండాది. నోరు తెరిచినోళ్ళ పేరు కొట్టేస్తారంట!" అయింది. అది ఏ లిస్టని అడిగినవాళ్ళు లేరు. లిస్టులో పేరు లేకపోతే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు.

పదిగంటలకల్లా నలభైమంది ఆధార్ జిరాక్సులు పట్టుకుని గఫార్ ఇంటిముందు చతికిలబడ్డారు. దగ్గొచ్చినా కొంగు అడ్డం పెట్టుకుని మింగేశారు. "లిస్టూ లేదు, గిస్టూ లేదు. ఉత్త బీపీనే!" అని ముబషిరా రెండుసార్లు చెప్పి చూసింది. ఇదీ తమని మాట్లాడించే ఎత్తేనేమోనని వాళ్ళు పెదవులు ఇంకా బిగించారు. ఇంత నిశ్శబ్దం ఈ వీధిలో మళ్ళీ దొరకదని ఆమె ఒక్కొక్కరినే పక్కనున్న రేకులషెడ్డులోకి పిలిచి పట్టా చుట్టడం మొదలుపెట్టింది. పనిచేసే షెడ్డు పోయిన గఫార్ అరుగుమీద తల పట్టుకుని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి చెంచయ్య బజారు నుంచి వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. తలలు వంచుకున్న జనాన్ని, తల పట్టుకున్న గఫార్‌ని చూసి అతను చెప్పులు అక్కడే విడిచేశాడు.

"పెద్దామె యాడుండాది?" అని గొంతు తగ్గించి అడిగాడు.

ఎవరూ పలకలేదు. ఓబమ్మ లిస్టులో పేరు పోగొట్టుకోకుండా వేలితో లోపలికి చూపించింది. లోపల చాంద్బీ తల నుంచి పాదాలదాకా దుప్పటి కప్పుకుని కదలకుండా పడుంది. చెంచయ్యకి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఆత్మకూరులో ఉన్న ఆమె చెల్లెలికీ, తన ఫోన్లో నంబరున్న చుట్టాలందరికీ కబురు చెప్పి, షామియానా కోసం పరిగెత్తాడు. చెల్లెలి పక్కిల్లే సుధారాణి మేడమ్‌ది.

ఒంటిగంటకి ఆత్మకూరు బస్సు దిగిన చెల్లెలు వీధి మొదట్లోనే శోకం ఎత్తుకుంది. వెనకే మేడమ్. ఆ ఏడుపుకి చాంద్బీ ఉలిక్కిపడి లేచి బయటికొచ్చి, చెల్లెల్ని వాటేసుకుని తనూ భోరున ఏడ్చింది. కాసేపటికి ఊపిరి తీసుకుని అడిగింది.

"ఇంతకీ ఎవరే పోయింది?"

"నువ్వే!" అంది చెల్లెలు వెక్కుతూ.

అంతే, నలభై నోళ్ళూ ఒక్కసారి తెరుచుకున్నాయి. పొద్దుట్నుంచీ బిగబట్టిందంతా బయటికొచ్చింది. షామియానా గుంజలతో వచ్చిన చెంచయ్యని చాంద్బీ వాయించేసింది. గఫార్ ముఖం ఎర్రబడింది. "చాలమ్మా చాలు! ఆ మిషన్ మేడమ్‌కి ఇచ్చేయ్. బతికున్న మా అమ్మని చంపినాది మీ చదువు!" అన్నాడు. ముబషిరా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చెంచయ్య సిగ్గుతో మెట్టుమీద కూలబడ్డాడు. కణతలు నొక్కుకుంటున్నాడు. ముబషిరా కంట్లో నీళ్ళతోనే అది గమనించింది.

"ఏం మామా, తల నొప్పిగా ఉండాదా?"

"నెల నుంచీ ఉండాదిలే. ఎండ దెబ్బ."

ఎవరినీ అడక్కుండా ఆమె పట్టా తెచ్చి చుట్టింది. రెండువందల నాలుగు, నూట పద్దెనిమిది. మిషన్ చెడిందేమోనని రెండో చేతికి చూసింది. అంతే వచ్చింది. మేడమ్ చూసినా అంతే. గఫారే ఆటో పిలిచి చెంచయ్యని గవర్నమెంట్ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఇంకో వారం ఇలాగే వదిలేసుంటే కాలో చెయ్యో పడిపోయేదని చెప్పి అక్కడి డాక్టరు మాత్రలు రాసిచ్చాడు.

సాయంత్రం ఇంటికొచ్చిన గఫార్ చెప్పులు విప్పుతూ, కూతురి వైపు చూడకుండా అడిగాడు. "రేపు ఆత్మకూరు బస్సు ఎన్నింటికి?"

ముబషిరా పుస్తకంలో పదికి బదులు నలభైఒక్క రీడింగులున్నాయి. ఇంటర్వ్యూ పేర్లలో ఆమె పేరు మేడమ్ అప్పుడే రాసుకుంది. ఆ రోజు నుంచీ చెంచయ్య పొద్దునా సాయంత్రమూ వచ్చి ఆమె ముందు చెయ్యి చాపి బుద్ధిగా కూర్చుంటున్నాడు.

చాంద్బీ మాత్రం వింజమూరులో ఉన్న పెద్దల్లుడితో మాటలు మానేసింది. చనిపోయిందని కబురు అందినా అతను రాలేదట.