రేవంతటినీ వెనక్కి తిప్పిన డబ్బా

లాబ్‌స్టర్ రొయ్యల వేట సీజన్ తొలి ఉదయం ఆర్ఫా నికిల్ ఒకటే అనుకుంది: షాగ్ కోవ్ రేవు పడవలన్నిటికంటే ముందు వెళ్లి, నాన్న ఏటా బోనులు దించే రాతిదిబ్బ మీద తన బోనులు దించాలి. ముందు చేరినవాళ్లదే చోటు. మోకాళ్లు అరిగి నాన్న ఒడ్డున కూర్చున్నాడు. పడవ నడిపే సరంగుగా ఆమెకిదే మొదటి ఏడు. రేవులో అందరి కళ్లూ ఆమె మీదే.

అలల్ని ఆపే రేవు అడ్డుగోడ దాటేదాకా అంతా సవ్యంగానే సాగింది. అప్పుడు కళాసీగా వచ్చిన ఎల్విన్ బాబాయికి ఆకలేసింది. తిండి డబ్బా మూత తీశాడో లేదో, మొహం పాలిపోయింది. ఆర్ఫా అమ్మ కంగారులో వీళ్ల డబ్బాకి బదులు తన డబ్బా ఇచ్చి పంపింది. అందులో ఉన్నది పందిమాంసం శాండ్‌విచ్. ఆ ఊళ్లో ఆ మాంసం పడవెక్కితే అరిష్టం, నీళ్ల మీద దాని పేరైనా ఎత్తకూడదు.

అంచేత ఎల్విన్ నోరు విప్పలేదు. వేలితో ముక్కు పైకెత్తి చూపించాడు.

"ఏంటి బాబాయ్, జలుబా?"

అతను తల అడ్డంగా ఊపి, వెనక్కి తిరిగి, నడుము కింద వేలు గిరగిరా తిప్పాడు. తోక అని అతని భావం.

"అయ్యో, ప్రొపెల్లర్‌కి తాడు చుట్టుకుందా!" అంటూ ఆర్ఫా టక్కున ఇంజను ఆపేసింది.

వెనక పడవలోంచి ముసలి సరంగు హర్టిల్ ఇది చూశాడు. "వాళ్ల నాన్న గాలి వాసన పట్టేవాడు. పిల్ల కూడా ఏదో పసిగట్టిందిరోయ్!" అని రేడియోలో అందరికీ చెప్పాడు. ఈలోగా ఎల్విన్ డబ్బా తెచ్చి ఆర్ఫా కళ్ల ముందు పెట్టాడు. సముద్రంలో పారేస్తే మరీ అరిష్టం. ఆమె పళ్లు నూరుకుంటూ పడవ వెనక్కి తిప్పింది. ఆమె వెంట పడవలన్నీ తిరిగాయి. షాగ్ కోవ్‌లో ఎంత పోటీ ఉన్నా, ఒకరు వెనక్కి తిరిగితే కారణం అడక్కుండా అందరూ తిరుగుతారు. ఆ ఊళ్లో ముసలి సరంగులు అంతమంది ఉన్నది అందుకే.

ఒడ్డుకు చేరేసరికి ఆర్ఫాకు ఏడుపొకటే తక్కువ. అంతలో, వాతావరణ సూచనల్లో ఎక్కడా లేని ఈదురుగాలి విరుచుకుపడింది. అలలు అడ్డుగోడ మీంచి దూకాయి. బోనులు నిలువెత్తున పేర్చుకున్న ఆ పడవలు బయట ఉండి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు.

"ఎలా కనిపెట్టావమ్మా?" హర్టిల్ టోపీ తీసి అడిగాడు.

ఊరుకుంటే పేరు దక్కేది. ఆమె ఊరుకోలేదు.

"నేనేం కనిపెట్టలేదు తాతా. అమ్మ డబ్బా మారిపోయింది. అందులో... అదే, మనం పేరెత్తనిది ఉంది."

నాన్న తల దించుకున్నాడు.

"గాలి సంగతి చెప్పేవాళ్లు బోలెడుమంది. ఇలా నిజం చెప్పే సరంగు ఏడీ?" అన్నాడు హర్టిల్. "రేపు నువ్వే ముందు నడు, దిబ్బ నీదే. మీ అమ్మను మాత్రం డబ్బాలో ఏం పెడుతుందో ముందే చెప్పమను."

నాన్న తల లేచింది.

మర్నాడు గాలి లేదు, ఆకాశం తేటగా ఉంది. అయినా ఎల్విన్ డబ్బా మూత తీసి "చీజ్!" అని అరిచేదాకా ఒక్క పడవా తాడు విప్పలేదు.