లైటు కోసం చేతులూపే ఉద్యోగం

కల్తీ చేసినందుకు ప్రపంచమంతా చప్పట్లు కొట్టే చోటు భూమ్మీద ఒక్కటే ఉంది. అది మా ఊరి చివరి కర్మాగారం. అక్కడ బాంబుకు పనికొచ్చే చిక్కటి యురేనియంలో పలచటి యురేనియం కలిపి, కరెంటు తీయడానికి తప్ప మరి దేనికీ కొరగాకుండా చేస్తారు. పాలవాడు కలిపితే మోసం, ప్రభుత్వం కలిపితే శాంతి.

చిక్కటిది ఎవరూ పక్కకు తప్పించకుండా తనిఖీ సంఘంవారు కలిపే గదిలో కెమెరా పెట్టారు. అదే వారం విద్యుత్ పొదుపు విభాగంవారు అదే గదిలో, మనిషి కదిలితేనే వెలిగే లైట్లు పెట్టారు. కలిపేటప్పుడు గదిలో మనిషి ఉండకూడదన్నది నియమం. కాబట్టి లైట్లు వెలగలేదు. కెమెరా మాత్రం ఒళ్లు దాచుకోకుండా చీకటిని ఫొటోలు తీస్తూ పోయింది. (ఫొటోలు చాలా స్పష్టంగా వచ్చాయి.)

లైటు మార్చడం తమ పరిధిలోకి రాదని రెండు విభాగాలూ ఏకగ్రీవంగా తేల్చాయి. చివరికి మా కింది వాటాలో ఉండే కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌కు ముసుగూ తొడుగూ వేసి, గదిలో కూర్చోబెట్టి, అప్పుడప్పుడూ చేతులు ఊపమన్నారు. (నియమం మనుషులకే కనుక, కాగితాల మీద అతణ్ణి స్విచ్చు అని రాశారు.) బుద్ధిగా ఊపితే ఈ ఏడు పర్మనెంటు చేస్తానని మేనేజరు మాటిచ్చాడు.

"ఇంతకీ అక్కడ నువ్వు చేసే పనేంటి?" అని అతని భార్య అడిగింది.

"చేతులూపుతా."

"ఎవరికి?"

"లైటుకి."

"వైరింగు పనన్నావు కదయ్యా!" అని ఆమె తల కొట్టుకుంది. పర్మనెంటు మాట వినగానే మాత్రం భుజాలకు నొప్పుల నూనె తెచ్చింది. పిల్లను మంచి బడిలో వేద్దామని కూడా అంది.

కొన్నాళ్లకు తనిఖీ అధికారిణి వచ్చి ఫొటోలన్నీ తిరగేసింది. చీకటి ఫొటోల్లో తప్పేమీ కనబడలేదు. వెలుతురున్న ప్రతి ఫొటోలోనూ ట్యాంకు పక్కన ఎవడో చేతులూపుతూ కనబడ్డాడు.

"నేను ఊపబట్టే కదా మేడమ్, మీకు ట్యాంకు కనబడింది!" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ట్యాంకు కనబడితే ఇబ్బంది లేదండీ. మీరు కనబడ్డారు."

అతను మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఫొటోను కళ్ల దగ్గర పెట్టుకుని, "ఎవరితను?" అన్నాడు. అతను ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండింది.

ఎలక్ట్రీషియన్‌ను తీసేశారు. ఆనాటి నుంచి కలిపే గదిలో అనుమానించదగ్గ దృశ్యం ఒక్కటి కూడా కెమెరా కంట పడలేదని సంఘం సంతృప్తి ప్రకటించి, మిగిలిన గదుల్లోనూ అవే లైట్లు పెట్టించింది.