రోగి మాత్రమే వాడవలెను

గర్భాశయ ముఖద్వార పరీక్షలో తేడా కనిపించిన ఆడవాళ్లు తమ ప్రశాంతతను తామే తయారుచేసుకుని, ఏరియా ఆస్పత్రి నుంచి స్టీలు డబ్బాల్లో ఇంటికి పట్టుకెళ్లడం మొదలై రెండేళ్లయింది. డబ్బా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మొదట్లో ఆస్పత్రివాళ్లే ప్లాస్టిక్ సీసాలు ఇచ్చారు గాని, ప్లాస్టిక్‌లో ప్రశాంతత సాయంత్రానికల్లా పులిసిపోతోందని ఫిర్యాదులు రావడంతో మానేశారు.

పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి పై అంతస్తులోని పద్నాలుగో నంబరు హాల్లో చాప మీద కూర్చోవాలి. ఒళ్లో గిన్నె పెట్టుకోవాలి. కళ్లు మూసుకుని ఊపిరి లోపలికి వెళ్లడం, బయటికి రావడం గమనించాలి. వేరే ఆలోచన వస్తే దాన్ని తిట్టకుండా, తరమకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి వచ్చెయ్యాలి. ముప్పావు గంటకి గిన్నె అడుగున తెల్లగా, మీగడ మందాన ప్రశాంతత చేరుతుంది. రుచీ వాసనా ఉండవు. ఇంట్లో గ్యాస్ కట్టేశానా లేదా అనుకుంటూ కూర్చున్నవాళ్లకి పలచగా వస్తుంది. వాళ్లని మరో పావుగంట కూర్చోబెడతారు.

దాన్ని పొద్దున రెండు చెంచాలు, సాయంత్రం రెండు చెంచాలు తినాలి. తింటే ఒంట్లో రక్షక కణాలు డ్యూటీకి వస్తాయి. వస్తే ముఖద్వారం దగ్గర దారి తప్పిన కణాల సంగతి అవి చూసుకుంటాయి. కోర్సు ఎనిమిది వారాలు, ఆ తర్వాత ఆర్నెల్లకి మళ్లీ పరీక్ష. మార్పులు తగ్గితే ఫైలు మూసేస్తారు. తగ్గకపోతే చిన్న ఆపరేషన్. దాన్నీ వాయిదా వేస్తూపోతే పెద్ద జబ్బు. ఈ చివరి మాట కరపత్రంలో లేదు, డాక్టరమ్మ నోటితో చెబుతుంది. కరపత్రం అడుగున లావుపాటి అక్షరాలతో ఉన్న మాట ఒకటే: రోగి మాత్రమే వాడవలెను.

నూకరత్నానికి నలభై ఒక్క ఏళ్లు. జీడిపప్పు కార్ఖానాలో పప్పు మీద పొర ఒలిచే పని. కార్ఖానాకి వచ్చిన వైద్య శిబిరంలో ఆమె పరీక్షలో తేడా తేలింది. డాక్టర్ సుభాషిణి కాగితం మీద బొమ్మ గీసి చూపించింది.

"ఇది క్యాన్సర్ కాదమ్మా. అలా కాకుండా చూసుకోవాలి, అంతే. చాలామందికి ఒళ్లే సర్దుకుంటుంది. నీ ఒంటికి కాస్త తీరిక ఇయ్యి."

"తీరికంటే ఎలాగండీ?" అంది నూకరత్నం.

"మంగళవారం రా. సిస్టర్ చెబుతుంది."

నూకరత్నానికి భయం వేసింది. ఆమె తల్లి నలభై ఆరేళ్లకే పొత్తికడుపులో ఏదో జబ్బు చేసి పోయింది. ఆ జబ్బుకి ఎవరూ పేరు పెట్టలేదు, పెట్టించుకోవడానికి ఎవరూ తీసుకెళ్లలేదు. కూతురు లోవలక్ష్మి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. దాని చదువు ఒక దరికి చేరేదాకా తను బతికుండాలన్నది నూకరత్నం కోరిక. అంతకు మించి ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు.

మొదటి మంగళవారమే హాలు ఇన్‌ఛార్జి సుగుణ సిస్టర్ నూకరత్నం గిన్నెలోకి చూసి ఆగిపోయింది. గిన్నె సగానికి వచ్చింది. చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా ఉంది. రెండేళ్ల రిజిస్టరులో "చిక్కన" అన్న మాట మూడుసార్లే రాశారు, అవీ ఏడో వారం, ఎనిమిదో వారంలో. ఏం చేశావని సిస్టర్ అడిగితే, ఏమీ చెయ్యలేదండీ అంది నూకరత్నం. ఉన్న మాటే అంది. పట్టపగలు కూర్చుని ఏ పనీ చెయ్యకుండా ఉండడం పెళ్లయ్యాక ఆమెకి అదే మొదటిసారి.

డబ్బా ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో దోసెల పిండి పక్కన పెట్టింది. సాయంత్రం భర్త వీరభద్రం వచ్చాడు. అతను ఐసు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. కరెంటు పోయిన రోజున ఫ్యాక్టరీలో ఐసు కరిగినకొద్దీ ఇంట్లో అతని గొంతు లేచేది. ఆ రోజు నాలుగు గంటలు కరెంటు పోయింది. అతను గుమ్మంలో చెప్పులు విసిరేసేసరికి నూకరత్నం చెంచా పట్టుకుని ఉంది. ఎదురుగా మనిషిని పెట్టుకుని తనొక్కతే తినడం ఆమెకి బుద్ధి తెలిశాక అలవాటు లేదు. కార్ఖానాలో క్యారేజీ విప్పినా ముందు పక్కవాళ్ల ఆకులో వేసి గాని తను ముద్ద ఎత్తదు.

"ఏంటది?" అన్నాడు వీరభద్రం.

"ఆస్పత్రిలో ఇచ్చారు. మనసు కుదుటపడుతుందంట. ఓ చెంచా తింటారా?"

తిన్నాడు. కాసేపటికి వెళ్లి విసిరేసిన చెప్పులు తీసి గోడ వారగా పెట్టుకున్నాడు. రెండో చెంచా కూడా తిని ఎనిమిదింటికల్లా నిద్రపోయాడు.

అత్తగారు సూరాయమ్మకి షుగరు. కాలి మీద పుండు ఏడాదిగా మానడం లేదు. పెద్దావిడకి పెట్టకుండా కొడుకుకి పెట్టడం బాగుండదు కాబట్టి ఆవిడకీ రెండు చెంచాలు పెట్టింది. లోవలక్ష్మికి కాలేజీలో యూనిట్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి, పుస్తకం తీస్తే చేతులు వణుకుతున్నాయి, పైగా పొద్దున లేస్తే తుమ్ములు. దానికి పెట్టకపోతే తల్లెందుకు. వారమంతా ఇలాగే అందరి వంతూ అయ్యాక డబ్బా అడుగున మిగిలినదానిలో నూకరత్నం కాసిని నీళ్లు పోసి, వేలితో చుట్టూ తిప్పి తాగింది. కూర గిన్నె విషయంలోనూ ఆమె పద్ధతి అదే. మనసు కుదుటపడిందో లేదో గమనించుకునేలోపు అంట్లు గుర్తొచ్చాయి.

రక్షక కణాలను ఆస్పత్రి ల్యాబులో పదిహేను రోజులకోసారి లెక్కపెడతారు. రిపోర్టులో మూడు గళ్లు ఉంటాయి: డ్యూటీలో ఉన్నవి, వచ్చి ఊరికే కూర్చున్నవి, చెప్పకుండా మానేసినవి. నాలుగో వారం వచ్చేసరికి మిగతా ఆడవాళ్లందరికీ మొదటి గడి నిండుతోంది. నూకరత్నానికి మూడో గడిలో అంకె పెరిగింది. హాలు మొత్తంలో అందరికంటే చిక్కటి ప్రశాంతత తీసే మనిషికి ఇలా రావడం సుగుణ సిస్టర్‌కి అర్థం కాలేదు.

"రోజూ తింటున్నావా?"

"తింటున్నామండీ," అంది నూకరత్నం.

సిస్టర్ ఆ జవాబు విని పెన్ను కింద పెట్టింది. నిబంధన ప్రకారం ఆ వారమే ఇల్లు తనిఖీ చేశారు. సిస్టర్ ల్యాబు మనిషిని వెంటబెట్టుకొచ్చి ఇంటిల్లిపాదికీ రక్తం తీయించింది. వీరభద్రానికి డ్యూటీలో ఉన్న కణాలు మామూలుకి మూడింతలున్నాయి. సూరాయమ్మ కాలి పుండు మానిపోయి కొత్త చర్మం వచ్చింది. లోవలక్ష్మికి తుమ్ములు లేవు.

"మేవేవైనా లాక్కుని తిన్నామా ఏంటి, సిస్టరుగోరూ?" అంది సూరాయమ్మ, చాలా మెల్లగా. "దాని చేత్తో అదే ఎట్టింది. నువ్వూ తినవే అని నేనే అన్నాను. తర్వాత తింటానంది."

"అవునండీ, తినమన్నాం," అన్నాడు వీరభద్రం. "ముందు మీరు కానివ్వండి అంటాదండీ."

వాళ్లు అబద్ధం చెప్పలేదు. అందరూ ఆమెని తినమనే అన్నారు. నూకరత్నం అప్పుడు వంటింట్లో తనిఖీకి వచ్చినవాళ్లకి టీ పెడుతోంది.

తనిఖీ నివేదిక పై ఆఫీసుకి వెళ్లింది. అక్కడి ఫారంలో రోగికి విడిగా గడి లేదు, కుటుంబ సగటు అడుగుతారు. నలుగురి లెక్కా కలిపి భాగించగా ఆ ఇంటి రోగనిరోధక శక్తి రెండు రెట్లు దాటి పెరిగినట్టు తేలింది. డివిజన్ మొత్తంలో అదే ఎక్కువ. పద్నాలుగో నంబరు హాలుకి అభినందన లేఖ వచ్చింది. సుగుణ సిస్టర్ దాన్ని గోడకి అంటించలేదు, సొరుగులో పెట్టింది.

ఆవిడ మంచి మనిషి. ఐదో మంగళవారం అందర్నీ పంపించేసి నూకరత్నాన్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టింది. డబ్బా ఇంటికి వెళ్లేదాకా ఆగితే లాభం లేదు, ఇక్కడే తన కళ్లముందే తినెయ్యాలి అంది. అక్కడ ఇంట్లోవాళ్లు ఎవరూ లేరు, పిలిచేవాళ్లు లేరు, తలుపు గడియ వేసి ఉంది. నూకరత్నం సరేనని చెంచా నింపుకుంది. నోటిదాకా తీసుకెళ్లింది. అక్కడ ఆగి సిస్టర్ మొహంలోకి చూసింది.

"మీరు భోంచేశారా, సిస్టరుగారూ?"

సుగుణ సిస్టర్ పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. ఆ రోజు ముప్పై ఎనిమిది మంది పేషెంట్లు, ఇద్దరు నర్సులు సెలవు, ఇంట్లో అత్తగారికి ఒంట్లో బాగోలేదు. నిజానికి ఆ ప్రశ్న ఆవిణ్ని ఎవరైనా అడిగి చాలా రోజులైంది. తినలేదని తల ఊపింది. ఆ తర్వాత జరిగింది రిజిస్టరులో లేదు. నూకరత్నం చెంచా ఇటు తిప్పింది. ఎలా ఉంటుందో చూద్దామని సిస్టర్ ఒక చెంచా తింది, తర్వాత ఇంకొకటి. ఆరో మంగళవారం, ఏడో మంగళవారం కూడా గడియ వేసి ఇద్దరూ కూర్చున్నారు. రిజిస్టరులో "నా సమక్షంలో వాడబడినది" అని సిస్టర్ సంతకం పెట్టింది. అదీ అబద్ధం కాదు. మిగిలింది ఎప్పటిలాగే ఇంటికి వెళ్లింది.

కోర్సు ముగిసింది. హాలు ఖాళీ లేకపోయినా నూకరత్నం ఎప్పుడొచ్చి కూర్చున్నా ఒక చాప వెయ్యమని సిస్టర్ చెప్పింది కాబట్టి ఆమె ప్రతి మంగళవారం వస్తూనే ఉంది. ఆర్నెల్లకి పరీక్ష చేశారు. మార్పులు తగ్గలేదు, ఒక మెట్టు పెరిగాయి.

డాక్టర్ సుభాషిణి ఇంట్లోవాళ్లని పిలిపించింది. ముగ్గురూ వచ్చి బెంచీ మీద వరుసగా కూర్చున్నారు. ముగ్గురి మొహాలూ నిగనిగలాడుతున్నాయి.

"ఇంకా చెయ్యి దాటిపోలేదు," అంది డాక్టరమ్మ. "కానీ ఇప్పుడు ఆ భాగం తీసెయ్యాలి. తీసి ముక్క పరీక్షకి పంపిస్తాం. అందులో ఏముందో వచ్చాక గాని నేనేమీ చెప్పలేను."

"అలాగేనండీ," అన్నాడు వీరభద్రం.

"అర్థమైందా మీకు? ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది."

"అర్థమైందండీ."

"కంగారుగా లేదా?"

వీరభద్రం కాసేపు తన లోపల వెతుక్కున్నాడు. చిత్తశుద్ధిగానే వెతికాడు.

"లేదండీ. ఈమధ్య దేనికీ ఉండట్లేదండీ."

డాక్టరమ్మ సూరాయమ్మ వైపు చూసింది. ఏది ఎలా జరగాలో అలా జరుగుతుందని ఆవిడ చిరునవ్వు నవ్వింది. లోవలక్ష్మి తల్లి చెయ్యి పట్టుకుని, ఊపిరి మీద ధ్యాస పెట్టమ్మా అని చెప్పింది. కూతురి చెయ్యి ఇప్పుడు వణకడం లేదు. ఏం కాదులే అన్నట్టు సుగుణ సిస్టర్ గుమ్మంలోంచి తల ఊపింది.

నూకరత్నం వాళ్ల నలుగురినీ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. పెళ్లయిన కొత్తలో ఆమెకి టైఫాయిడ్ వస్తే చొక్కా తిరగేసి తొడుక్కుని ఆటో కోసం రోడ్డు మీద పరిగెత్తిన మనిషే ఈ వీరభద్రం. తల్లికి చిన్న జ్వరం వచ్చినా బడి ఎగ్గొట్టి మంచం దగ్గర కూర్చున్న పిల్లే ఈ పిల్ల. ఆమె కోసం కంగారు పడాల్సినవాళ్లంతా అప్పటికి పూర్తిగా కోలుకున్నారు. ఆమెకి ఏడుపొచ్చింది. ఎవరైనా ఒక్కరు తనతో పాటు భయపడితే బాగుండునని అనిపించింది. డాక్టరమ్మ మాత్రం భయపడేలాగే కనిపించింది గాని, బయట ఇంకో అరవై మంది వరుసలో ఉన్నారు.

ఆపరేషన్ మరుసటి శుక్రవారం అని రాశారు. తోడు ఎవరుంటారని ఫారంలో అడిగారు. వీరభద్రానికి ఆ రోజు ఫ్యాక్టరీలో కొత్త మోటారు బిగిస్తున్నారు, లోవలక్ష్మికి ప్రాక్టికల్స్, తెల్లవారుజామున బస్సెక్కడం సూరాయమ్మ వల్ల కాదు. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ గొంతు పెంచలేదు. ఆ మాట ఈ మాట అనుకుని గడి ఖాళీగా వదిలేశారు. దాని కింద, కుటుంబ సహకారం ఎలా ఉంది అన్న చోట సుగుణ సిస్టర్ "చాలా బాగుంది" అని రాసింది.

శుక్రవారం పొద్దున నూకరత్నం నాలుగింటికి లేచింది. తను ఆ పూట ఏమీ తినకూడదని చెప్పారు కాబట్టి పని త్వరగానే తెమిలింది. మూడు పూటలకీ సరిపడా అన్నం, పప్పు, వంకాయ కూర వండి మూతలు పెట్టింది. గుమ్మంలో నిలబడి, ఎవరైనా లేస్తారేమోనని కాసేపు చూసింది. లోపల ముగ్గురూ హాయిగా నిద్రపోతున్నారు. ఆమె చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి ఐదున్నర బస్సెక్కింది.