గవరమ్మ అర్జీ, రెండు గోతులు

ఒక పెద్ద అడవిలో సింహం ఉండేదని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఈ కథలో సింహానికి పనేమీ లేదు. అది ఎప్పుడో రిటైరై గుహలో నిద్రపోతోంది. అడవిని ఇప్పుడు నడిపేవి పంజాలు కావు, కాగితాలు. అవి కూడా కంప్యూటరులో ఉండే కాగితాలు.

ఆ కాగితాలు రాసుకోవడానికి ‘వనలేఖ’ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. దానికి యజమాని లేడు, కొనే పని లేదు. తీరికున్న జంతువులన్నీ తలో చెయ్యీ వేసి తయారుచేశాయి. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చూడొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. దాని గొప్పతనం అదే, దాని జబ్బూ అదే.

తహసీల్దారు ఆఫీసు బయట, మారేడు చెట్టు కింద కూర్చుని అడవిలో అందరికీ వనలేఖలో అర్జీలు రాసిపెట్టేది అలుగు గవరమ్మ. అలుగంటే తెలుసుగా, ఒళ్ళంతా పెంకులు, నోట్లో ఒక్క పన్నూ ఉండదు, మూరెడు నాలుక, చెదలూ చీమలూ తప్ప ఇంకో తిండి ఎరగదు. భయమేసిందంటే ఉండ చుట్టుకుపోతుంది. ముప్ఫై ఏళ్ళుగా కుందేళ్ళ బొరియల తగాదాలూ, కోతుల కొమ్మల పంపకాలూ అన్నీ గవరమ్మ గోళ్ళ మీదుగానే వెళ్ళాయి.

ఆమెకు తెలిసిన కంప్యూటరు శాస్త్రం రెండు బొమ్మలే. ఎడమ నుంచి మూడోది సొరబుర్ర, అది నొక్కితే కాగితం భద్రం. ఆ కొసన ఎర్రగా చీపురు, అది నొక్కితే కాగితం మాయం. సొరబుర్ర ఎందుకంటే, తాతల కాలంలో విత్తనాలు ఎండిన సొరబుర్రలో దాచేవారట. ఇప్పుడు ఆ బుర్ర ఎవరింట్లోనూ లేదు. అయినా పుట్టిన ప్రతి పిల్లకూ ఆ బొమ్మంటే భద్రమని తెలుసు. తెలిశాక ఇంకేం కావాలి చెప్పండి.

అలాంటి గవరమ్మకు సొంత అర్జీ రాసుకోవాల్సిన రోజొచ్చింది. ఎర్రదిబ్బ మీది చెదపుట్టలు అలుగులకు తాతముత్తాతల నాటి తిండి. అవన్నీ తనవేనని ఎలుగుబంటి గంగులు అర్జీ పడేశాడు. విచారణ శుక్రవారం. తహసీల్దారు ఏనుగు గారిది ఒకటే సూత్రం. కంప్యూటరులో కాగితం ఉన్నవాడు ఉన్నట్టు, లేనివాడు లేనట్టు. దిబ్బ పోయిందా, గవరమ్మ ఇంటిల్లిపాదికీ పస్తులే.

ఒక్కో గోరుతో ఒక్కో అక్షరం కొడుతూ నలభై రోజులు రాసింది పాపం. “మా అమ్మ నాకు నాలుక చాపడం నేర్పింది ఆ దిబ్బ మీదే” అన్న వాక్యం దగ్గర కళ్ళు తడిసి రెండు రోజులు ముందుకు కదల్లేదు. అందరి బాధా రాసింది గానీ, తన బాధ రాసుకోవడం ఆమెకు అదే మొదలు.

ఆమెను అక్కడ ఉంచి, మనం సౌందర్య సంఘం దగ్గరికి వెళ్ళాలి. వనలేఖ బొమ్మల మంచీ చెడూ చూసేది ఆ సంఘం. అధ్యక్షుడు నెమలి మయూరనాథం గారు. పక్క అడవి వాళ్ళు ఏటేటా బొమ్మలు మారుస్తుంటే మనం ఇంకా ఈ సొరబుర్ర పట్టుకుని వేలాడుతున్నామని, తనకు తల కొట్టేసినట్టుందని ఆయన ఒకనాడు వాపోయాడు. తొండ తల ఊపింది. తొండ తల ఎప్పుడూ ఊపుతూనే ఉంటుంది కాబట్టి ఆ సంఘంలో ప్రతి తీర్మానమూ ఏకగ్రీవమే. అది కార్యదర్శి కూడా.

బుర్ర తీసేసి ఏం పెట్టాలన్న దగ్గర మూడు పున్నములు గడిచాయి. భద్రమంటే తొర్ర అంది ఉడుత. భద్రమంటే బుగ్గసంచి అంది కోతి. తన పిల్లల్ని ఎంత భద్రంగా మోస్తుందో చూపిస్తానని మొసలి నోరు తెరిచి ఒక్కరిని లోపలికి రమ్మంది. ఎవరూ వెళ్ళలేదు. చివరికి నక్క మాట నెగ్గింది. తిన్నాక మిగిలింది తాము గొయ్యి తీసి దాచుకుంటామని, భద్రమంటే గొయ్యేనని నక్క వాదన.

మర్నాడు చెరిపే బొమ్మ సంగతి వచ్చింది. అడవిపిల్లి లేచి, వదిలించుకోవాల్సినదాన్ని తాము గొయ్యి తీసి కప్పెడతామని, ఈ శుభ్రత లోకానికంతా తెలిసిందేనని చెప్పింది. అదీ న్యాయంగానే ఉంది. తొండ దానికీ తల ఊపింది.

గీసే పని ఊసరవెల్లి రంగనాథ్‌కి అప్పగించారు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. నెమలి పక్కన కూర్చుంటే నీలం గొయ్యి, చిలక పక్కన కూర్చుంటే పచ్చ గొయ్యి గీశాడు. అందరూ అన్ని రంగులూ అడిగేసరికి ప్రాణం విసిగి, బూడిదరంగులో రెండు సన్న గీతలతో ఒక గొయ్యి గీశాడు. చెరపడానికి అలాంటిదే ఇంకొకటి గీశాడు. భద్రం చేసేదానికి మూలలు కాస్త గుండ్రం. తేడా ఎంత సున్నితంగా ఉందో అని మయూరనాథం గారు ముచ్చటపడిపోయారు. రెండూ జంటగా బాగుంటాయని పక్కపక్కనే పెట్టించారు. చెరిపే ముందు ‘నిజంగానే చెరిపేయనా?’ అని అడిగే పసుప్పచ్చ పెట్టె ఒకటుండేది. కొత్త రంగులకు నప్పలేదని దాన్నీ పీకించారు.

గురువారం పొద్దున కొత్త బొమ్మలు దిగాయి. మధ్యాహ్నానికి గవరమ్మ అర్జీకి ఆఖరి చుక్క పెట్టింది. పైన అంతా బూడిదగా కనిపిస్తే తెర మీద దుమ్ము పడిందనుకుని నాలుకతో ఒకసారి తుడిచింది. అలవాటుగా ఎడమ నుంచి మూడోది నొక్కింది. అక్కడ ఇప్పుడున్నది చెరిపే గొయ్యి. నలభై రోజుల అర్జీ కళ్ళముందే మాయమైపోయింది.

గవరమ్మ ఉన్నచోటే ఉండ చుట్టుకుంది. చాలాసేపటికి విచ్చుకుని, ఏడ్చి, ముక్కు తుడుచుకుని సంఘం దగ్గరికి నడిచింది. రంగనాథ్ ఒక్కడే ఉన్నాడక్కడ, గోడరంగులో.

“బాబూ, నా అర్జీ పోయింది.”

“పోలేదు గవరమ్మగారూ, మీరే పాతిపెట్టారు. భద్రం చేసేది గుండ్రం మూలల గొయ్యి. మీరు నొక్కింది దాని పక్కనున్న చెరిపే గొయ్యి.”

“పాత బొమ్మలు ఇచ్చెయ్యండి బాబూ. నాకు అవే తెలుసు.”

“ఇది అందరిదీనమ్మా,” అన్నాడు రంగనాథ్ ఎంతో మర్యాదగా. “నచ్చకపోతే మీరే గీసుకోవచ్చు.”

గవరమ్మ తన గోళ్ళ వంక చూసుకుంది. వాటికి గోతులు తవ్వడం వచ్చు గానీ గీయడం రాదు.

సాయంత్రానికి అడవంతా గగ్గోలు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని కోతులు సంఘం ముందు బైఠాయించాయి. మయూరనాథం గారు దిగివచ్చి, సరే, కొత్త బొమ్మల తీర్మానాన్ని రద్దు చేద్దామన్నారు. తీరా చూస్తే తీర్మానం లేదు. తొండ ఆ పొద్దునే దాన్ని కొత్త బొమ్మతో భద్రం చేశాననుకుని పాతిపెట్టింది. లేని తీర్మానాన్ని రద్దు చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. పాత బొమ్మలు తెమ్మని ఇంకో తీర్మానం రాశారు. దాన్నీ తొండే భద్రం చేసింది.

శుక్రవారం విచారణకు గంగులు పొట్ట నిమురుకుంటూ వచ్చాడు. అతని అర్జీ నెలన్నరగా కంప్యూటరులో క్షేమంగానే ఉంది. ఆ పొద్దున కుదురుగా ఉండక, పళ్ళు లేనివాళ్ళకు పుట్టలెందుకని ఒక వాక్యం కలిపి, పక్కనున్న గొయ్యి నొక్కి వచ్చాడు.

ఏనుగు గారు తొండంతో తెర తెరిచారు. అందరూ పాతిపెట్టగా లోపల ఒక్క కాగితమే మిగిలింది. అర్జీ ఎలా రాయాలో చూపించడానికి వనలేఖతో పాటే వచ్చే కాగితం అది, ఎన్నిసార్లు పాతిపెట్టినా లేచొస్తుంది. ఏనుగు గారికి అదేమీ తెలియదు. గొంతు సవరించుకుని చదివారు.

“దరఖాస్తుదారు, నమూనా. విషయం, విషయం ఇక్కడ రాయండి.”

ఇంకోసారి చదివి కళ్ళద్దాలు తీశారు. తన సర్వీసులో ఇంత సూటైన అర్జీ చూడలేదని, సోది లేదని, ఎవరినీ తిట్టలేదని, పైగా విషయం ఎక్కడ రాయాలో కూడా వినయంగా చూపించారని మెచ్చుకున్నారు. ఎర్రదిబ్బ నమూనాకే చెందుతుందని తీర్పు చెప్పి, “నమూనా ఎవరు?” అన్నారు.

ఒళ్ళు ఉండ చుట్టుకుంటానంటుంటే గవరమ్మ తోక చివర కాలితో తొక్కిపట్టుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ గుమ్మం ముందు కూర్చున్నా ఏనుగు గారు ఒక్కనాడూ తన మొహం చూడలేదన్న సంగతి గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ మనసుకు కష్టంగా ఉండే ఆ సంగతి ఇప్పుడు ధైర్యమిచ్చింది.

“నేనేనండీ,” అంది.

“అది గవరమ్మ దొరా,” అన్నాడు గంగులు. “అడవంతా ఎరుగును.”

“అడవి ఎరిగితే చాలదు, కంప్యూటరు ఎరగాలి,” అన్నారు ఏనుగు గారు. “నీ అభ్యంతరం రాసి, భద్రం చేసి రా.”

గంగులు ఆ రోజు నుంచి రాస్తూనే ఉన్నాడు. రాసి, గొయ్యి నొక్కి, తెల్లటి తెర చూసి, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. వంగి మూలలు గుండ్రంగా ఉన్నాయో లేదో చూసే ఓపిక ఎలుగు జాతికే లేదు. చెదలకు దూరమై సగమయ్యాక, ఒక మధ్యాహ్నం దిబ్బ కిందికొచ్చి నిలబడ్డాడు.

పైన గవరమ్మ కూతురికి నాలుక చాపడం నేర్పుతోంది. ఆఫీసు నుంచి ఇప్పుడు ఏ కాగితమొచ్చినా నమూనా పేరునే వస్తుంది. గవరమ్మ అన్న పేరు ఏ కాగితంలోనూ లేదు. అందుకు ఆమెకు దిగులు లేదని చెబితే అబద్ధమే. పోయిన అర్జీలో వాళ్ళమ్మ గురించి రాసిన వాక్యం మాత్రం కంఠతా ఉంది. దాన్ని కూతురికి రోజూ ఒకసారి వినిపిస్తుంది.

“గవరమ్మ వదినా,” అని పిలిచాడు గంగులు. ఆమె వినిపించుకోలేదు. అతను నేల గీరి, మళ్ళీ పిలిచాడు.

“నమూనా వదినా, ఏ గొయ్యి నొక్కాలో కాస్త చెప్పవా?”

గవరమ్మ పుట్టలోంచి నాలుక తీసి, తీరిగ్గా మూతి తుడుచుకుంది.

“అది అందరిదీ గంగులూ,” అంది. “నచ్చకపోతే నువ్వే గీసుకోవచ్చు.”

నీతి: కాగితంలో నీ పేరు లేకపోతే, కాగితంలో ఉన్న పేరే నువ్వు పెట్టుకో.